డిఫెండర్ ఆడటం ఎలా: స్కానర్ మీద కన్ను, మనుషుల మీద ధ్యాస

డిఫెండర్ అనే పాత ఆర్కేడ్ వీడియో గేమ్‌లో కొత్తవాళ్ల మొదటి షిప్ (మనం నడిపే అంతరిక్ష నౌక) నిమిషం కూడా నిలవదు. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు, ఆ ఆట తీరే అంత. 1980 చివర్లో షికాగోలో జరిగిన వ్యాపార ప్రదర్శనలో విలియమ్స్ కంపెనీ దీన్ని చూపించింది, 1981లో ఆర్కేడ్‌లలోకి, అంటే నాణెం వేసి ఆడే యంత్రాలుండే చోట్లలోకి, వచ్చింది. యూజీన్ జార్విస్ రూపకల్పన. సామ్ డికర్, లారీ డిమార్ తోడుగా పనిచేశారు. అప్పటికి చాలా ఆటల్లో ఒక కర్ర, ఒక బటన్ ఉండేవి. ఇందులో పైకీ కిందికీ మాత్రమే కదిలే కర్ర ఒకటి, ఐదు బటన్లు. తెర అడ్డంగా రెండు వైపులా జరుగుతుంది. ఒకే దిక్కున పోతూ ఉంటే గ్రహాన్ని చుట్టి బయలుదేరిన చోటికే వస్తారు.

చాలామంది దీన్ని కాల్చే ఆట అనుకుని మొదలుపెడతారు, అక్కడే దెబ్బతింటారు. కాల్చడానికి వచ్చే పాయింట్లు తక్కువ. అసలు పాయింట్లు కింద నేల మీద తిరిగే పదిమంది మనుషుల దగ్గర ఉన్నాయి. శత్రు నౌకలు వాళ్లను ఎత్తుకెళ్తుంటే ఆపి, పట్టుకుని, తిరిగి నేల మీద దింపడమే ఈ ఆట. ఇక్కడ చెప్పేదంతా ఆ పని ఎలా చేయాలనే.

ముందు సెటప్

ఇంట్లో ఆడాలంటే రెండు దారులు. 2003 నాటి మిడ్‌వే ఆర్కేడ్ ట్రెజర్స్, 2012 నాటి మిడ్‌వే ఆర్కేడ్ ఆరిజిన్స్ లాంటి సంకలనాల్లో ఆర్కేడ్ డిఫెండర్ ఉంది. పాత కన్సోల్ ఉంటే అది తేలిక. లేదంటే కంప్యూటర్‌లో మేమ్ (MAME) ఎమ్యులేటర్, అంటే పాత ఆర్కేడ్ యంత్రంలా నడిచే ప్రోగ్రామ్. దానికి ఆట రామ్ (ROM, అసలు యంత్రంలోని ఆట ప్రోగ్రామ్ నకలు) ఫైల్ మీకు చట్టబద్ధంగా దొరికినదై ఉండాలి. జిప్ ఫైల్‌ని విప్పకుండా అలాగే రామ్స్ ఫోల్డర్‌లో పెట్టండి. అంకె 5 నొక్కితే కాయిన్ పడుతుంది, 1 నొక్కితే ఆట మొదలవుతుంది. మొదటిసారి తెరిచినప్పుడు టెస్ట్ పేజీలోనో సెట్టింగుల పేజీలోనో ఆగిపోతే కంగారు పడకండి. యంత్రంలోని మెమరీ ఖాళీగా ఉండటం వల్ల అలా జరుగుతుంది. ఎఫ్3 నొక్కి రీసెట్ చేస్తే మామూలుగా ముందుకు వెళ్తుంది.

అటారీ 2600 అనే పాత ఇంటి కన్సోల్‌లో వచ్చిన డిఫెండర్‌తో మాత్రం సాధన చేయకండి. అందులో కర్రను ఎటు తోస్తే షిప్ అటు తిరుగుతుంది, షిప్ ముఖాన్ని వెనక్కి తిప్పే రివర్స్ బటనే లేదు. అక్కడ అలవాటైన చేయి ఆర్కేడ్ డిఫెండర్‌లో ప్రతిసారీ తప్పు చేస్తుంది.

తర్వాత కీలు. డిఫాల్ట్‌గా వచ్చే కీలతో ఆడటం దాదాపు అసాధ్యం కాబట్టి ట్యాబ్ నొక్కి, ఇన్‌పుట్ సెట్టింగుల్లో ఈ మెషీన్ వరకే మార్చుకోండి. అసలు యంత్రంలో ఎడమ చేతికి కర్ర, రివర్స్. కుడి చేతికి ఫైర్, థ్రస్ట్ (వేగం ఇచ్చేది), స్మార్ట్ బాంబ్ (తెర మీది శత్రువులను తుడిచేసేది). హైపర్‌స్పేస్ (షిప్‌ని ఎక్కడో ఒకచోట పడేసేది) మధ్యలో విడిగా ఉంటుంది. కీబోర్డు మీద కూడా ఆ పంపకాన్నే ఉంచండి:

- పైకి: డి (ఎడమ మధ్యవేలు). కిందికి: సి (ఎడమ చూపుడువేలు)
- రివర్స్: స్పేస్ బార్ (ఎడమ బొటనవేలు)
- ఫైర్: జె (కుడి చూపుడువేలు). థ్రస్ట్: కె (కుడి మధ్యవేలు)
- స్మార్ట్ బాంబ్: ఎల్. హైపర్‌స్పేస్: ఎంటర్

హైపర్‌స్పేస్‌ని వేళ్లకు దగ్గరగా పెట్టకండి. పొరపాటున తగిలితే ఒక షిప్ పోవచ్చు.

ఆట మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. నోట్‌ప్యాడ్ తెరిచి డి, కె రెండూ నొక్కిపట్టి, జెని టకటకా కొట్టండి. తెర మీద జె అక్షరాలు పడుతూ ఉండాలి. పడకపోతే ఆ కీబోర్డు ఆ మూడు కీలను ఒకేసారి చదవలేదన్నమాట. చవక కీబోర్డుల్లో ఇది మామూలే. అదే పరీక్ష సి, కె, జెలతో, తర్వాత స్పేస్, కె, జెలతో కూడా చేయండి. స్పేస్‌కి అక్షరం కనిపించదు కాబట్టి జె పడుతోందా లేదా అన్నది చూస్తే చాలు. ఎక్కడ ఆగితే అక్కడ ఒక కీని పక్క కీకి మార్చండి. కంట్రోల్, షిఫ్ట్ లాంటి కీలకు సాధారణంగా ఈ గొడవ ఉండదు. కాకపోతే విండోస్‌లో షిఫ్ట్‌ని వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ పెట్టె ఊడిపడుతుంది. షిఫ్ట్ వాడేటట్టయితే ముందే దాన్ని ఆపేయండి. "నేను పైకే వెళ్లాను, షిప్ వెళ్లలేదు" అని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ కీబోర్డే.

టీవీకి కలిపి ఆడితే గేమ్ మోడ్ ఆన్ చేయండి. లేకపోతే మీరు నొక్కడానికీ తెర మీద కనిపించడానికీ మధ్య ఆలస్యం వస్తుంది, ఈ ఆటలో ఆ కాస్త ఆలస్యానికే ప్రాణం పోతుంది. బొమ్మను వెడల్పు తెర నిండా సాగదీయకండి, పాత నాలుగుకి మూడు నిష్పత్తిలోనే ఉంచండి. సాగదీస్తే అడ్డంగా దూరాల అంచనా తప్పుతుంది.

మీ దగ్గర అసలు యంత్రమే ఉంటే ముందు చేయాల్సిన పని ఒక్కటే: బోర్డు మీద మూడు డబుల్ ఏ బ్యాటరీలు ఉంటాయి, హై స్కోర్లనూ సెట్టింగులనూ అవే కాపాడతాయి. అవి కారితే బోర్డును తినేస్తాయి. పాతవి ఉంటే వెంటనే తీసేసి, తీగతో దూరంగా పెట్టే బ్యాటరీ పెట్టె అమర్చుకోండి.

షిప్‌ని లొంగదీసుకోవడం

కాయిన్ వేయగానే కాల్చడం మొదలుపెట్టకండి. మొదటి ఆటను కదలిక నేర్చుకోవడానికే వదిలేయండి. సర్వీస్ మెనూలో షిప్‌ల సంఖ్య పెంచుకోవచ్చు. సాధనకు పెంచుకోండి, స్కోరు లెక్క చూసుకునేటప్పుడు మళ్లీ మూడుకి తెచ్చుకోండి.

థ్రస్ట్ నొక్కితే షిప్ ముఖం ఉన్న వైపు వేగం పుంజుకుంటుంది. వదిలేస్తే ఆగదు, జారుతూ నెమ్మదిస్తుంది. బ్రేకు లేదు. ఆగాలంటే రివర్స్ కొట్టి ఎదురు థ్రస్ట్ ఇవ్వాలి. రివర్స్ ముఖాన్ని మాత్రమే తిప్పుతుంది, వేగాన్ని తిప్పదు. అంటే పూర్తి వేగంతో కుడికి పోతూ రివర్స్ కొడితే, షిప్ ఎడమకి చూస్తూ కుడికే జారుతుంది. ఇది లోపంలా కనిపిస్తుంది గానీ, వెంటాడేవాళ్లను కాల్చడానికి ఈ ఆట ఇచ్చిన ఆయుధం ఇదే.

ఇంకో సంగతి. కుడికి చూస్తున్నప్పుడు షిప్ తెరకి ఎడమ వైపున ఉంటుంది, ఎదర ఖాళీ కనిపించడానికి. రివర్స్ కొట్టగానే తెర జరిగి షిప్ కుడి వైపుకి చేరుతుంది. ఆ జరిగే క్షణంలో వెనక ఏముందో కొత్తగా కనిపిస్తుంది, చాలామంది సరిగ్గా అప్పుడే గుద్దుకుంటారు. అందుకే రివర్స్‌కి ముందు స్కానర్ (తెర పైన గ్రహం మొత్తాన్ని చూపే చిన్న పెట్టె) చూడటం అలవాటు చేసుకోండి.

సాధన ఇలా: థ్రస్ట్ కొద్దిగా ఇవ్వండి, వదలండి, రివర్స్, మళ్లీ కొద్దిగా థ్రస్ట్. ఒకే కొండ మీద అటూ ఇటూ నిలబడగలిగే వరకు ఇదే. నేల గీత తగిలితే పేలిపోతుందని భయం వద్దు. కొండలు ఒట్టి గీతే, షిప్ వాటి మీదుగా పోతుంది. తర్వాత పైకీ కిందికీ కలపండి. చివరగా ఫైర్. ఫైర్ నొక్కిపడితే వరసగా రావు, ఒక్కో నొక్కుకీ ఒక్క లేజరే. చూపుడువేలు కీ మీద తేలిగ్గా ఆడుతూ ఉండాలి, బిగబడితే రెండో వేవ్‌కే (శత్రువుల రెండో విడతకే) చేయి నొప్పి.

థ్రస్ట్‌ని ఎప్పుడూ పట్టుకుని ఉండేవాళ్లు ఎక్కువ కాలం బతకరు. పూర్తి వేగంలో ఎదురుగా కనిపించినదానికి స్పందించేంత సమయం ఉండదు. పొడవైన దూరం దాటేటప్పుడు, తప్పించుకునేటప్పుడు మాత్రమే పూర్తి వేగం.

స్కానర్ చదవడం

తెర పైభాగంలో ఉన్న చిన్న పెట్టె గ్రహం మొత్తాన్ని చూపిస్తుంది. దాని మధ్యలో, పైనా కిందా గుర్తులతో వేరు చేసిన ముక్కే ఇప్పుడు మీకు పెద్దగా కనిపిస్తున్న తెర. మిగతాదంతా మీ కంటికి అందని చోటు.

పెద్ద తెరను కంటి అంచుతో చూడండి, స్కానర్‌ని నేరుగా చూడండి. మొదట్లో ఇది తలకిందుల పనిలా ఉంటుంది. స్కానర్‌లో వెతకాల్సింది మూడు విషయాలు:

ఒకటి, నేల దగ్గర ఉన్న చుక్క పైకి లేవడం. ల్యాండర్ (మనుషుల్ని ఎత్తుకెళ్లే శత్రు నౌక) మనిషిని పట్టుకుంటే రెండు చుక్కలు అతుక్కుని నిటారుగా ఎక్కుతాయి. దానితో పాటు ప్రత్యేకమైన శబ్దం కూడా వస్తుంది. ఆ శబ్దం వినగానే చేస్తున్న పని వదిలేసి స్కానర్ చూడాలి. అందుకే ఈ ఆటను శబ్దం ఆపేసి ఆడటం సగం గుడ్డిగా ఆడటమే.

రెండు, మీ వైపే వేగంగా దూసుకొచ్చే చుక్క. అది మ్యూటంటో (మనిషిని కలుపుకుని మారిపోయిన ల్యాండర్) బైటరో (ఆలస్యం చేస్తే వచ్చే వేగమైన శత్రువు).

మూడు, గుంపుగా ఉన్న మనుషుల పైన ఖాళీగా ఉందా, ల్యాండర్ తిరుగుతోందా అన్నది. మనుషులు ఎక్కువగా ఉన్న వైపే మీ స్థావరం. అక్కడి నుంచి దూరం పోయి కాల్చుకుంటూ కూర్చోకండి.

గ్రహం గుండ్రం కాబట్టి స్కానర్ కుడి చివరన ఉన్నది ఎడమ వైపు నుంచి కూడా అంతే దూరం. లేచే చుక్క చివర్లో ఉంటే, మీ షిప్ ఇప్పుడు ఏ ముఖంగా ఉంటే అటే వెళ్లండి. రివర్స్‌కి పోయే సమయం మిగులుతుంది.

మొదటి వేవ్

ఇందులో 15 ల్యాండర్లు, ఐదేసి చొప్పున దిగుతాయి. వేరే శత్రువులేవీ లేవు, మీరు ఆలస్యం చేస్తే వచ్చే బైటర్లు తప్ప. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి వేవ్ మళ్లీ రాదు.

మొదలవగానే దగ్గర్లో కనిపించిన ల్యాండర్ మీద పడకండి. స్కానర్‌లో ఐదింటినీ లెక్కపెట్టండి. వాటిలో ఏది మనిషికి సూటిగా పైన ఉందో చూసి అక్కడికి వెళ్లండి. ల్యాండర్ నేల వెంబడి తేలుతూ, మనిషి తన కిందికి రాగానే దిగి పట్టుకుని, నిదానంగా పైకి ఎక్కుతుంది. తెర పై అంచు చేరితే ఆ మనిషిని కలుపుకుని మ్యూటంట్ అవుతుంది. ఆ మనిషి ఇక లేడు. మీ పని మొత్తం నేలకీ పై అంచుకీ మధ్య జరిగేదే.

లెక్క చూడండి. ల్యాండర్‌ని కాలిస్తే 150. పదిహేనూ కాలిస్తే 2,250. వేవ్ ముగిసేసరికి బతికున్న ప్రతి మనిషికీ 100, అంటే పదిమందికి 1,000. మొత్తం 3,250. ఇప్పుడు ఎత్తుకెళ్తున్న మనిషిని గాల్లో పట్టుకుంటే 500, నేల మీద దింపితే ఇంకో 500. ఒక్క మనిషిని కాపాడితే వచ్చే పాయింట్లు దాదాపు ఏడు ల్యాండర్లతో సమానం. మొదటి వేవ్‌లో ఏడుగురిని అలా కాపాడితే 10,250 అవుతుంది. ప్రతి 10,000కీ ఒక షిప్పూ ఒక స్మార్ట్ బాంబూ అదనంగా వస్తాయి కాబట్టి, రెండో వేవ్‌లోకి అడుగుపెట్టేసరికే మీ చేతిలో ఒకటి ఎక్కువ ఉంటుంది.

కాబట్టి నేల మీద తిరిగే ల్యాండర్‌ని తొందరపడి కాల్చకండి. మీరు దగ్గర్లో ఉంటే దాన్ని మనిషిని పట్టుకోనివ్వండి.

పట్టుకుని దింపడం

ఈ ఒక్క పని మీద ఎంత సాధన చేస్తే అంత మంచిది.

ల్యాండర్ మనిషిని ఎత్తిన తర్వాత తెర ఎత్తులో మూడో వంతు నుంచి సగం వరకు ఎక్కనివ్వండి. మరీ కింద కాలిస్తే మనిషి పడిపోయినా బతుకుతాడు, కానీ మీకు 250 మాత్రమే వస్తుంది. మరీ పైన కాల్చాలని ఆగితే గురి ఒక్కసారి తప్పినా అది మ్యూటంట్ అయిపోతుంది.

దాని ఎత్తుకి రండి, కానీ గురి ల్యాండర్ పై సగం మీద ఉండాలి. మనిషి దాని కింద వేలాడుతూ ఉంటాడు. మీ లేజర్ కాస్త కిందికి వెళ్తే మనిషే పోతాడు. ల్యాండర్ ఎక్కుతూ ఉంటుంది కాబట్టి దానికి సరిసమానంగా నిలబడి కాల్చబోతే మీరు నొక్కే లోపల అది పైకి జరుగుతుంది, లేజర్ మనిషి ఎత్తులో పోతుంది. కొత్తవాళ్లు తమ మనుషుల్నే చంపుకునేది సరిగ్గా ఇలాగే. కొంచెం పైకి చేరి, అది మీ గీతలోకి ఎక్కి రాగానే కొట్టండి.

పేలగానే మనిషి పడటం మొదలవుతుంది. మొదట నెమ్మదిగా, పోనుపోను వేగంగా. ఇక్కడ కాల్చడం ఆపండి. ముందే నొక్కేసిన లేజర్లు అతని గీతలో ఉన్నాయేమో చూసుకుని, కొద్దిగా థ్రస్ట్ ఇచ్చి, అతని కంటే కిందికి దిగుతూ ఎదురెళ్లండి. అతన్ని వెనక నుంచి తరమకండి. పడే దారిలో మీరు ముందే ఉండాలి. షిప్ తగిలితే చాలు, అతను కింద వేలాడతాడు, 500 కనిపిస్తుంది. ఇప్పుడు కిందికి నొక్కి నేలదాకా దిగండి. నేల తగలగానే దిగిపోతాడు, ఇంకో 500.

దింపేటప్పుడు తొందరపడాల్సిన పని లేదు. మీ దగ్గర వేలాడుతున్న మనిషిని ల్యాండర్ ఎత్తుకెళ్లలేదు. పక్కనే ఇంకో ల్యాండర్ ఎక్కుతుంటే ఇతన్ని మోస్తూనే వెళ్లి ఆ రెండో మనిషినీ పట్టుకోవచ్చు, ఇద్దరినీ కలిపి దింపవచ్చు. నేల మీద నడిచేవాణ్ని మాత్రం మీరు ఎక్కించుకోలేరు, గాల్లో పడుతుంటేనే.

పట్టుకోలేకపోతున్నారా? ఎక్కువసార్లు కారణం వేగమే. పూర్తి థ్రస్ట్‌లో వచ్చి కాల్చారు, మనిషి పడ్డాడు, మీరు అతన్ని దాటి పోయారు. రివర్స్ కొట్టి వెనక్కి తిరిగేలోపు నేలకి కొట్టుకుని పోయాడు. ల్యాండర్‌కి అర తెర దూరంలోనే థ్రస్ట్ వదిలేసి, జారుతూ వెళ్లి కాల్చండి.

రెండో వేవ్ నుంచి

ఇప్పుడు ల్యాండర్లు 20. వాటికి తోడు బాంబర్లు, పాడ్‌లు వస్తాయి.

బాంబర్లు నిదానంగా తేలుతూ వెనక మందుపాతరలు వదులుతాయి. అవి కదలవు, కాసేపటికి మాయమవుతాయి, తగిలితే మాత్రం పేలతారు. బాంబర్‌కి 250. దాని తోక వెంట ఎప్పుడూ వెళ్లకండి. దాని ముందు వైపు నుంచి ఎదురెళ్లి కాల్చండి, లేదా వదిలేసి మనుషుల సంగతి చూడండి. బాంబర్లు మనుషుల జోలికి పోవు కాబట్టి అవి చివరికి మిగిలినా నష్టం లేదు.

పాడ్ ఒక్కటే 1,000. కాల్చగానే పగిలి ఎర్రటి చిన్న స్వార్మర్లు చెల్లాచెదురుగా వస్తాయి, ఒక్కోటి 150. పాడ్‌ని దూరం నుంచి కొట్టాలి, దగ్గరికి పోయి కొడితే స్వార్మర్లు మీ ముఖం మీదే పుడతాయి. స్వార్మర్లకు ఒక బలహీనత ఉంది: వెనక్కి కాల్చలేవు. ఎదురుగా దూసుకొస్తుంటే కాస్త పైకో కిందికో తప్పుకుని వాటిని దాటనివ్వండి. దాటగానే రివర్స్ కొట్టి వెనక నుంచి ఏరండి. చాలామంది వీటికి ఎదురు నిలబడి కాల్చుకుంటూ షిప్‌లు పోగొట్టుకుంటారు. నాలుగు ఒకేసారి ఊగుతూ వస్తుంటే ఎంత గురి ఉన్నా ఒకటి తప్పుతుంది.

వేవ్ చివరి బోనస్ కూడా పెరుగుతుంది: రెండో వేవ్‌లో మనిషికి 200, మూడోదాంట్లో 300, ఐదో వేవ్ నుంచి 500 దగ్గర ఆగుతుంది. ఐదో వేవ్‌ని పదిమందితో ముగిస్తే బోనస్సే 5,000, అంటే సగం షిప్. మనుషుల్ని కాపాడుకుంటూ పోయేవాళ్లకీ ఊరికే కాల్చేవాళ్లకీ స్కోరులో తేడా ఇక్కడి నుంచి బాగా పెరుగుతుంది.

బైటర్లు

వేవ్‌ని సాగదీస్తే వస్తాయి. సన్నగా పళ్లెంలా ఉంటాయి, మీకంటే వేగం, గురి కూడా మంచిదే. కాలిస్తే వచ్చేది 200. అంత కష్టానికి ఆ పాయింట్లు గిట్టవు. వేవ్ ముగియడానికి బైటర్లను చంపక్కర్లేదు. మిగతావి అయిపోతే చాలు. అందుకని బైటర్ కనిపించగానే దాంతో యుద్ధానికి దిగకుండా, చివరి ల్యాండర్ ఎక్కడుందో స్కానర్‌లో చూసి దాన్ని ముగించండి. తప్పించుకోలేనంత దగ్గరికొస్తే ఎత్తు మార్చుకుంటూ దాన్ని ముందుకి దాటనిచ్చి అప్పుడు కాల్చండి.

మనుషుల్ని పట్టుకోవాలనే ఆశతో చివరి ల్యాండర్‌ని ఎక్కువసేపు వదిలేసేవాళ్లకి బైటర్లే శిక్ష. అది మనిషి పైన ఉంటే ఆగండి, ఎక్కడో ఖాళీలో తిరుగుతుంటే కాల్చేయండి.

మ్యూటంట్లు, గ్రహం పేలడం

మ్యూటంట్ వణుకుతూ, మెలికలు తిరుగుతూ నేరుగా మీ మీదికే వస్తుంది. పాయింట్లు ల్యాండర్‌కి వచ్చే 150 మాత్రమే. ఒక్కటే ఉంటే భయం లేదు. పూర్తి థ్రస్ట్‌తో దాని నుంచి దూరంగా పరుగెత్తండి, అది వెనక గీతలోకి వస్తుంది. అప్పుడు రివర్స్. వేగం మారదు కాబట్టి మీరు వెనక్కి జారుతూనే దానికి ఎదురుగా కాలుస్తుంటారు. ముందు చెప్పిన "లోపం" పనికొచ్చేది ఇక్కడే. రివర్స్ కొట్టాక థ్రస్ట్ ముట్టుకోకండి, ముట్టుకుంటే దాని మీదికే వెళ్తారు.

మనుషులందరూ పోతే గ్రహం పేలిపోతుంది, ల్యాండర్లన్నీ మ్యూటంట్లు అవుతాయి. నేల గీత కూడా ఉండదు. ఆ తర్వాతి వేవ్‌లలోనూ అంతే. ప్రతి ఐదో వేవ్‌లో గ్రహం, పదిమంది మనుషులు తిరిగి వస్తారు, అప్పటిదాకా తట్టుకోవాలి. మూడో వేవ్‌లో గ్రహం పోతే నాలుగో వేవ్ మొత్తం మ్యూటంట్లతోనే గడపాలి. అది మంచి ఆటగాళ్లకే కష్టం.

అందుకే మనుషులు ఒక్కరో ఇద్దరో మిగిలినప్పుడు ఆట మార్చండి. ల్యాండర్ ఎత్తిన చివరి మనిషిని పట్టుకున్నాక నేల మీద దింపకుండా మోసుకుంటూ తిరగండి. దింపితే వచ్చే 500 పోతుంది, గ్రహం మాత్రం నిలుస్తుంది.

స్మార్ట్ బాంబ్, హైపర్‌స్పేస్

మూడు స్మార్ట్ బాంబ్‌లతో మొదలవుతారు. తెర మీద కనిపించే శత్రువులన్నింటినీ అది తుడిచేస్తుంది. మనుషులకు ఏమీ కాదు. మనిషిని పట్టుకున్న ల్యాండర్ పోతే ఆ మనిషి పడటం మొదలవుతుంది, అతన్ని పట్టుకునే బాధ్యత మీదే. ఒక్క ల్యాండర్ కోసం బాంబ్ వాడకండి. ఇది వాడాల్సిన చోట్లు మూడు: పాడ్‌లు రెండు మూడు ఒకే తెర మీదికి వచ్చినప్పుడు, మ్యూటంట్ల గుంపు కమ్ముకున్నప్పుడు, ల్యాండర్ పై అంచుకి చేరిపోతోంది, మీరు అందుకోలేరు కానీ తెర మీద కనిపిస్తోంది అన్నప్పుడు.

బాంబ్‌లు మిగుల్చుకుని చనిపోవడం కొత్తవాళ్లకు మామూలు. షిప్పూ బాంబూ కలిసే అదనంగా వస్తాయి కాబట్టి షిప్‌కి ఒక బాంబ్ చొప్పున ఖర్చు పెట్టుకోవచ్చు. షిప్‌ల కంటే బాంబ్‌లు ఎక్కువ కూడుతుంటే మీరు పిసినారితనం చేస్తున్నట్టే.

హైపర్‌స్పేస్ మిమ్మల్ని ఎక్కడో ఒకచోట పడేస్తుంది. తిరిగి ప్రత్యక్షమవుతూనే పేలిపోయే ప్రమాదమూ ఉంది. చావు ఖాయం అనిపించినప్పుడు, బాంబ్ లేనప్పుడు మాత్రమే నొక్కండి.

తొమ్మిది లక్షల తొంభై వేలు

అక్కడిదాకా వెళ్లేవాళ్లు కొద్దిమందే గానీ, తెలుసుకోదగ్గ విషయం. స్కోరు ఆరు అంకెల్లోనే ఉంటుంది. 990,000 దాటాక తర్వాతి అదనపు షిప్ 10,00,000 దగ్గర రావాలి. ఆ సంఖ్య ఆరు అంకెల్లో పట్టక సున్నాగా మారుతుంది. మీ స్కోరు సున్నా కంటే ఎప్పుడూ ఎక్కువే కాబట్టి, అక్కడి నుంచి స్కోరు తిరగబడే దాకా మీరు కాల్చే ప్రతి శత్రువుకీ ఒక షిప్పూ ఒక బాంబూ వస్తుంటాయి. ఇది ప్రోగ్రామ్‌లో దొర్లిన తప్పు. అందుకని 990,000 చేరాక పెద్ద పాయింట్ల వెంట పడకండి. పాడ్ ఒకటి కాలిస్తే 1,000 ఒకేసారి అయిపోతుంది, వచ్చేది ఒక్క షిప్పే. అదే 1,000 లోపల 150 చొప్పున ల్యాండర్లు ఆరు పడతాయి, ఆరు షిప్‌లు. మనుషుల్ని కాపాడే పని కూడా ఆ పదివేల వరకు పక్కన పెట్టవచ్చు. అయితే అలా ముందుగా తీసుకున్నవాటికి లెక్క తర్వాత తేలుతుంది: స్కోరు తిరగబడ్డాక, ఆ షిప్‌ల లెక్కని స్కోరు అందుకునే దాకా కొత్తవి రావు.